రాణిగారి కాలర్‌లో అత్తగారి మోకాలు

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ ఊపిరాయన అంటారు. అసలు పేరు జీతాలిచ్చే చోట తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఎక్స్‌రే గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన నోట్లోంచి వచ్చే మాటలు ఎప్పుడూ అవే. "ఒంటి మీద ఇనుప వస్తువులేమైనా ఉంటే తీసి పక్కన పెట్టండి. గడ్డం పైకెత్తండి. ఊపిరి తీసుకోండి. బిగబట్టండి." ఆ చివరి మాట అంటూనే చటుక్కున సీసపు గోడ వెనక్కి తప్పుకుంటాడు. మీట నొక్కుతాడు. "ఆఁ, వదిలేయండి" అంటూ మళ్లీ బయటికొస్తాడు. ఒకసారి ఆ వదిలేయండి అనడం మర్చిపోయాడనీ, పాపం ఒక పెద్దమనిషి మొహం కందిపోయేదాకా అలాగే బిగబట్టుకుని నిలబడ్డాడనీ నర్సులు చెప్పుకుంటారు. కాస్త పెంచి చెబుతారే గానీ, పూర్తిగా కట్టుకథ మాత్రం కాదు.

ఊళ్లో ఏ స్టూడియోవాడూ ఆయన తీసినన్ని ఫొటోలు తీసి ఉండడు. కానీ అందులో ఒక్కటైనా ఎవరూ ఫ్రేము కట్టించుకున్న పాపాన పోలేదు. డాక్టరు దీపం ముందు పెట్టి చూసి పెదవి విరుస్తాడు, రోగి అసలు అటు చూడడు. ఆ తర్వాత ఏ పరుపు కిందో, ఏ బీరువా మీదో పడి ఉంటాయి. ఒకసారి తోటి ఉద్యోగి ఇంటికి భోజనానికి వెళ్లి చేతులు కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్తే, కిటికీలో పగిలిన అద్దం స్థానంలో ఒక ఎక్స్‌రే ఫిల్ము అతికించి ఉంది. తన పనే. పక్కటెముకలు అంత తీరుగా, ఏ ఒక్కటీ మసకబారకుండా పడ్డాయంటే తనది కాక ఇంకెవరిది? మధ్యాహ్నపు ఎండ ఎవరివో ఊపిరితిత్తుల్లోంచి వచ్చి బకెట్లో పడుతోంది. ఊపిరాయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. బయట అన్నం చల్లారిపోతోందని పిలవాల్సి వచ్చింది.

ఆ పూటే పడింది ఆయన మనసులో ఒక కోరిక. తను తీసిన ఫొటో చూసి, మనిషన్నవాడు ఎవరైనా, "ఇది నాక్కావాలి" అని అడగాలి. ఒక్కటి చాలు.

ఎవరో వాడిన కెమెరా ఒకటి చవగ్గా వస్తే కొన్నాడు. తలుపులు తీశాడు. మెట్లు తీశాడు. కుర్చీలైతే చెప్పక్కర్లేదు, ఊళ్లో ఆయన కెమెరా ముందు నిలబడని కుర్చీ లేదు. ఒక్క మనిషి మొహం మాత్రం తీయలేదు. ఎందుకంటే కెమెరాలోంచి ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలంటే ఆయనకి అరచేతుల్లో చెమటలు. ఇన్నేళ్లుగా సరిగ్గా ఫొటో తీసే క్షణానికి గోడ వెనక్కి పోయిన మనిషి మరి.

"కుర్చీలైతే నయంలెండి. ఊపిరి తీసుకోవు, వదలవు. మీకు సరైన జోడీ" అనేది ఆయన భార్య. ఆవిడ బట్టలు బిగించే, వదులు చేసే కొట్లో పనిచేస్తుంది. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకునే పనిలో ఉండటం వల్ల కాబోలు, మాట కాస్త గుచ్చుకుంటుంది.

ఆదివారాలు గ్రంథాలయం మేడ మీద ఫొటోల సంఘం కూడుతుంది. కళ్లజోళ్ల కొట్టు యజమాని దానికి అధ్యక్షుడు. నెత్తి మీద ఒక జోడు, ముక్కు మీద ఒక జోడు పెట్టుకుని ఫొటోలు చూస్తాడు. మంచివాడే, కానీ పదిమందిలో ఉంటే ఆయనకి చమత్కారం పొంగుకొస్తుంది.

"మీ ఫొటోలు బాగుంటాయండీ" అన్నాడు ఒక ఆదివారం, ఊపిరాయన తెచ్చిన కుర్చీని దూరంగా పట్టుకుని చూస్తూ. "కుర్చీ అచ్చం కుర్చీలాగే ఉంది. కాకపోతే చిన్న సందేహం. దీంట్లో ఎప్పటికైనా ఎవరైనా వచ్చి కూర్చుంటారా?"

అందరూ నవ్వారు. ఊపిరాయన కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి కాస్త ముందుగా ఆపేశాడు.

ఈసారి గ్రంథాలయం వరండాలో పెట్టే ప్రదర్శనకి 'వేషంలో మనిషి' అన్నది విషయం. ప్రతి సభ్యుడూ ఎవరికైనా వేషం వేసి, మొహం కనబడేలా ఒక ఫొటో తీసి తేవాలి. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, "ఈసారికి నేను మానేస్తాను" అన్నాడు.

"ఎందుకు మానేయడం? మనిషిని నేను చూస్తాను" అంది భార్య.

చూసింది కూడా. వాళ్ల కొట్టుకి తరచూ వచ్చే ఒకమ్మాయి బట్టల టోకు వ్యాపారులకి మోడల్. అంటే తారలాంటి మోడల్ అనుకోకండి. స్వెట్టర్ల అట్టపెట్టెల మీద, గౌన్ల ప్యాకెట్ల మీద, స్నానపు తువ్వాళ్ల కవర్ల మీద అచ్చయ్యే బొమ్మలకి నిలబడుతుంది. ఆ అమ్మాయి ఒక సాయంత్రం ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చుని తన సంగతి చెప్పింది.

"మెడ దాకా తీసి ఆపేస్తారండీ. తల ఉంటే చూసేవాళ్ల కళ్లు తల మీదకి పోతాయట, సరుకు మీద నిలబడవట."

"ఎప్పుడూనా?" అన్నాడు ఊపిరాయన.

"ఒకసారి గడ్డం పడిందండీ. ఆ ప్యాకెట్ మా అమ్మ దాచుకుంది." నవ్వింది ఆ అమ్మాయి. "మా అమ్మ అన్నీ దాస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లకి చూపించి ఇదిగో మా అమ్మాయి అంటుంది. వాళ్లు ఏదీ అంటారు. ఇదే, ఈ స్వెట్టర్లో ఉన్నది అంటుంది. వాళ్లు స్వెట్టర్ బాగుందంటారు."

"మరి ఫోన్లో ఫొటోలుంటాయిగా అమ్మా" అంది ఊపిరాయన భార్య.

"బోలెడున్నాయండీ. మా అమ్మకి అవి లెక్కలోకి రావు. నీకు నువ్వు తీసుకున్నవి ఎందుకే, ఎవరో ఒకరు పనిగట్టుకుని నిన్ను చూసి తీసింది ఒక్కటి పట్రా అంటుంది. గోడకి మేకు కూడా కొట్టించి పెట్టుకుంది." ఆ అమ్మాయి లేచి సంచీ భుజాన వేసుకుంది. "నాకు డబ్బులేం వద్దండీ. మా అమ్మకి ఇవ్వడానికి తల ఉన్న ఫొటో ఒక్కటి ఇవ్వండి చాలు."

ఆ అమ్మాయి వెళ్లాక ఊపిరాయన ఆ సోఫా అంచు వంకే చూస్తూ కూర్చున్నాడు. అధ్యక్షుడి చమత్కారమైతే దులుపుకుని పోవచ్చు. కానీ ఎవరింట్లోనో గోడకి ఒక మేకు తన కోసం ఎదురుచూస్తోందంటే అన్నం ఎలా సయిస్తుంది?

వేషం రాణి వేషం అని భార్యే తేల్చేసింది. పాత ఎర్ర మఖమల్ తెర ఒకటి ఉంది, దాన్ని అంగీ చేసింది. అట్టతో బంగారు రంగు కిరీటం చేసింది. చిక్కల్లా కాలర్‌తో వచ్చింది. పాతకాలపు రాణుల బొమ్మల్లో తల వెనకాల విసనకర్రలాగా నిటారుగా లేచి నిలబడుతుంది చూడండి, అలాంటి కాలర్ ఉండాలని ఆవిడ పట్టు. అట్టతో చేస్తే వాలిపోయింది. తీగ పెడితే ఎగిరొచ్చి ఊపిరాయన ముక్కుకి తగిలింది.

ముక్కు పట్టుకుని కూర్చున్నప్పుడే ఆయనకి తోచింది. ఎక్స్‌రే ఫిల్ములు. వంచితే వంగుతాయి, వదిలితే నిలబడతాయి. ఇప్పుడంటే ఆసుపత్రిలో చాలావరకు కంప్యూటర్లోనే చూస్తున్నారు గానీ, ఇంట్లోవాళ్లవి పాతవి ఉన్నాయి. ఉద్యోగంలో చేరినప్పుడు తీసిన తన రొమ్ము ఉంది. మెట్ల మీంచి జారినప్పుడు తీసిన భార్య మణికట్టు ఉంది. వాటికి బంగారు రంగు పూస్తే ఎముకలేం కనబడవు. కత్తిరించి అమర్చి చూశారు. బ్రహ్మాండంగా ఉంది, కుడిచెవి పక్కన ఒక్క రేకు తక్కువ.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి వెనకగది వైపు చూశారు.

వెనకగదిలో అత్తగారుంటుంది. బీరువా వెనకాల ఆవిడ ఎక్స్‌రేల కవరుంటుంది. ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. లోపల కడ్డీ వేసి మరలు బిగించారు. ఇంటికెవరొచ్చినా మంచినీళ్లిచ్చే లోపల ఆ కవరు బయటికొస్తుంది. కరెంటు మీటరు చూడటానికొచ్చినవాడు కూడా ఆ మోకాలు చూడకుండా వెళ్లింది లేదు. ఇంకొకరైతే పెళ్లినాటి ఫొటోలు చూపిస్తారు. ఈవిడ మోకాలు చూపిస్తుంది.

"చాలా ఉన్నాయిలెండి అమ్మకి. మధ్యలోంచి ఒకటి లాగితే ఏం తెలుస్తుంది" అంది కూతురు.

"తెలిస్తే?"

"తెలిస్తే మీరే తీశారని చెప్తాను."

ఇంత ధైర్యం చెప్పాక ఇంకేముంది. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు, పెళ్లయ్యాక మొదటిసారిగా ఊపిరాయన అత్తగారి సొమ్ము దొంగిలించాడు.

అనుకున్న ఆదివారం ముందుగదిలో సోఫా గోడకి నెట్టారు. ముదురు రంగు దుప్పటి ఒకటి తాడు మీద వేలాడదీశారు. దీపాలు రెండు, కెమెరాకి మూడుకాళ్ల స్టాండు, దూరం నుంచి నొక్కడానికి పొడుగాటి తీగ. కొలతలివ్వడానికి ఎవరో అమ్మాయి వస్తోందని, కాసేపు గదిలోనే పడుకోమని అత్తగారికి చెప్పారు. నేనెక్కడికి పరిగెడతానమ్మా ఈ మోకాలితో, అందావిడ.

ఊపిరాయన పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఏం మాట్లాడాలో వల్లె వేసుకున్నాడు. 'రండమ్మా. కంగారు పడకండి. మీ ఇంట్లో ఉన్నట్టే ఉండండి.' ఇంతవరకు బాగానే వచ్చింది.

అమ్మాయి మఖమల్ అంగీ తొడుక్కుని, కాలర్ అమర్చుకుని, కిరీటం పెట్టుకుని లోపల్నుంచి వచ్చి దుప్పటి ముందు నిలబడింది. నిజంగానే రాణిలా ఉంది. భార్య వంటింట్లోకి వెళ్లింది. ఊపిరాయన గొంతు సవరించుకున్నాడు. వల్లె వేసుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. నాలుకకి అలవాటైన మాటే జారింది.

"ఒంటి మీద ఇనుప వస్తువులేమైనా ఉంటే తీసి పక్కన పెట్టండి."

ఆ అమ్మాయి వృత్తిలో ఉన్న మనిషి. చెప్పింది చెయ్యడమే గానీ ఎందుకని అడిగే అలవాటు లేదు. భార్య టీ కప్పులతో తిరిగొచ్చేసరికి రాణిగారి అంగీ ఎడమచెయ్యి ఊడి సగం కిందికి దిగి ఉంది. కుర్చీ మీద పిన్నీసుల కుప్ప పెరుగుతోంది. ఊపిరాయన గోడ వైపు తిరిగి నిలబడి, గోడనే కెమెరాతో గురి చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"సార్ ఇనుము వద్దన్నారండీ."

భార్య టీ కప్పులు కింద పెట్టి మొగుడి వీపు వంక ఒక చూపు చూసింది. "ఆయనకి ఎముకలు కనబడితే చాలమ్మా. పిన్నీసులిలా ఇవ్వు" అని మళ్లీ మొత్తం కుట్టినంత పనిచేసి బిగించింది.

రెండోసారి మొదలుపెట్టారు. "గడ్డం పైకెత్తండి. ఊపిరి తీసుకోండి. బిగబట్టండి" అంటూ ఊపిరాయన తీగ పట్టుకుని చకచకా నడిచి తలుపు వెనక నడవాలోకి పోయి నొక్కాడు.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"కెమెరా కదలకుండా."

"మీరు వీధిలోకి పోతే గానీ కెమెరా కదలకుండా ఉండదా?"

ఇక్కడే ఉంటానన్నాడు. ఉందామనే అనుకున్నాడు. కానీ బిగబట్టండి అన్న మాట నోట్లోంచి రాగానే ఆయన కాళ్లు ఆయన చేతుల్లో ఉండవు. అలా తలుపు వెనక్కి పోవడం, నొక్కడం, వదిలేయండి అంటూ తొంగిచూడటం. కొన్ని ఫొటోలు పడ్డాయి.

తప్పంతా ఆయనదే అనుకోవడానికీ లేదు. కెమెరా ఎదురుగా కనబడగానే ఆ అమ్మాయి మొహం ఖాళీ అయిపోతోంది. భుజాలు అందంగా వాలుతాయి, నడుము తిరుగుతుంది, వేళ్లు ఎక్కడుండాలో అక్కడుంటాయి. మెడ పైన మాత్రం, ఇంటికి తాళం వేసి ఊరెళ్లినట్టుంటుంది. అదెప్పుడూ ఫొటోలో పడని భాగం కదా, దాంతో పనిచేయించడం ఆమె ఏనాడూ నేర్చుకోలేదు.

ముగ్గురూ కెమెరా వెనక చిన్న తెర మీద చూశారు. రాణి నిలబడింది. స్పష్టంగా ఉంది. కళ్లున్నాయి, ముక్కుంది, నోరుంది. ఎక్కడివక్కడున్నాయి.

"పర్లేదండీ" అంది ఆ అమ్మాయి. ఇంకోసారి వంగి చూసి, "గుర్తింపు కార్డుకి బాగుంటుంది" అని చేర్చింది.

వెటకారానికి అన్నది కాదు. నిజంగానే ఏదో ఒక ఉపయోగం వెతికి పెడదామని అన్నది. అందుకే ఊపిరాయనకి గుచ్చుకుంది. ఆయన కళ్లముందు మేకు కనబడింది. దానికి ఈ తాళం వేసిన మొహం వేలాడుతుంది. ఇంటికొచ్చిన వాళ్లు చూసి, కాలర్ బాగుందంటారు.

"కాలర్ వెనకాల దీపం పెట్టి చూడండి. కాస్త వెలుగొస్తుందేమో" అంది భార్య.

సరేనని చదువుకునే దీపం ఒకటి తెచ్చి, అమ్మాయి వీపు వెనక ముక్కాలిపీట మీద పెట్టి వెలిగించాడు. కెమెరా దగ్గరికొచ్చి చూశాడు.

కాలర్ తేనెరంగులో భగ్గుమంది. ఆ తేనెలోంచి, అద్దాల తొట్టిలో చేపల్లాగా, ఎముకలు తేలాయి. నెత్తి మీద ఊపిరాయన పక్కటెముకలు. ఎడమవైపు భార్య మణికట్టు, ఐదువేళ్లూ రాణిగారి చెంప నిమరబోతున్నట్టు. కుడిచెవి పక్కన మోకాలు. కడ్డీ, మరలు, అన్నీ.

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల వెనకాల ఏముందో రాణిగారికి కనబడదు. దీపం ఆర్పేయమన్నట్టు భార్య కళ్లతో సైగ చేసింది. ఊపిరాయన కంగారులో ఇంకోలా అర్థం చేసుకుని, త్వరగా కానిచ్చేద్దామనుకుని, "ఊపిరి తీసుకోండి, బిగబట్టండి" అని గబగబా తలుపు వెనక్కి పరిగెత్తాడు.

తలుపు వెనక అత్తగారుంది. చేతికర్ర, రెండో చేతిలో ఖాళీ గ్లాసు. మంచినీళ్ల కోసం వచ్చిందట. వచ్చి ఎంతసేపయిందో ఎవరికీ తెలీదు. అల్లుణ్ణి పక్కకి జరిపి గదిలోకి నడిచి, కెమెరాకి ఓ పక్కగా, రాణిగారి ఎదురుగా నిలబడింది. తల ఒక పక్కకి వంచి చూసింది.

"అది నా మోకాలు" అంది.

"కాదమ్మా" అంది కూతురు.

"నా మోకాలు నాకు తెలీదటే? ఆ మరలు చూడు. పైది కాస్త వంకర. వంకరైనా ఏం పర్లేదని డాక్టరు నాతో స్వయంగా చెప్పాడు." ఇంకో అడుగు ముందుకేసింది. "నా మోకాలికి రంగెవరు పూశారు?"

"ఆయనే" అంది కూతురు, మాట తప్పకుండా.

రాణిగారు కదల్లేదు. కళ్లు మాత్రం మెల్లిగా కుడిచెవి వైపు తిరిగాయి. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మొహం కిరీటం రంగు నుంచి అంగీ రంగుకి మారుతోంది.

"ఏమ్మాయ్, బరువుగా ఉందా?" అని అడిగింది అత్తగారు సానుభూతిగా. జవాబు రాలేదు. ఆవిడ తలుపు వైపు తిరిగింది. "అల్లుడుగారూ, దాక్కున్నది చాలుగానీ ఇలా రండి. ఈ పిల్ల ఊపిరి పీల్చడం లేదు. ముందు వదలమని చెప్పండి, నా సంగతి తర్వాత చూసుకుందాం."

ఊపిరాయన తీగ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. గోడ లేదు, తలుపు లేదు, కెమెరా పక్కన ఆయన, ఎదురుగా ఆ అమ్మాయి మొహం. "వదిలేయండి, వదిలేయండి" అన్నాడు.

బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారిగా నవ్వై బయటపడింది. ఆ అమ్మాయి నవ్వితే ముక్కు ముడతలు పడుతుందని అప్పుడే తెలిసింది. కిరీటం కనుబొమల మీదకి జారింది. ఒక చెయ్యి దానంతటదే లేచి చెవి పక్కన మోకాలు ఎక్కడుందో తడుముతోంది. కళ్లు నేరుగా ఊపిరాయన వైపే ఉన్నాయి, నీళ్లు తిరుగుతూ, ఇదేం ఇల్లండీ బాబూ అన్నట్టు. ఆయన కూడా ఆ కళ్లలోకే చూశాడు. తలుపు గుర్తురాలేదు. చెమట గుర్తురాలేదు. నొక్కాడు.

ఆ తర్వాత విచారణ జరిగింది. అత్తగారు సోఫాలో కూర్చుంది. మందలింపులు అల్లుడికి మర్యాదగా, కూతురికి మర్యాద లేకుండా అందాయి. చివరికి, ఇంతకీ నా మోకాలు ఎలా పడిందో చూపించమంది. కెమెరా తెచ్చి చేతికిచ్చారు. చిన్న తెరని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఆసుపత్రిలో ఇంత కళగా ఎప్పుడూ తీయలేదేం నువ్వు?" అంది. కోపం తగ్గాక అల్లుడు గారు నుంచి నువ్వుకి దిగడం ఆవిడ పద్ధతి.

రాణిగారు సోఫా వెనకనుంచి వంగి చూసింది. కిరీటం తీసి చేత్తో పట్టుకుని ఇంకోసారి చూసింది. తన మొహాన్ని వీధిలో ఎదురైన పాత స్నేహితురాలిలా చూసింది.

"ఇది నాక్కావాలి" అంది.

ఊపిరాయన మంచినీళ్లు తాగొస్తానని వంటింట్లోకి వెళ్లాడు. గ్లాసు దొరకలేదు. కుళాయి విప్పి చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు. భార్య వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఈసారి మాత్రం గుచ్చకుండా వెళ్లిపోయింది.

అమ్మాయి వెళ్లబోయేముందు ఆయన చెప్పాడు, "ఆ ఎముకలు కంప్యూటర్లో చెరిపేసి ఇస్తానమ్మా. కనబడవు."

"వద్దండీ. అవి తీసేస్తే నేనెందుకు నవ్వానో మా అమ్మకి ఎలా చెప్పను?"

సంఘానికి కూడా ఆ ఫొటోయే తీసుకెళ్లాడు. అధ్యక్షుడు ముక్కు మీది జోడు నెత్తికెక్కించి, నెత్తి మీది జోడు ముక్కుకి దించి చూశాడు.

"బాగుందండీ. కానీ రాణులు ఇలా పళ్లన్నీ కనబడేలా నవ్వరు. పైగా ఈ మోకాలేంటి?"

"మా అత్తగారిదండీ."

అధ్యక్షుడికి చమత్కారం ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది గానీ, ఎదుటిమనిషి మొహం చూసి మింగేశాడు. "ఆ ఎముకలవీ చెరిపి తెండి, గుమ్మం ఎదురుగానే పెడదాం" అన్నాడు.

"చెరపనండీ."

గొంతేం పెంచలేదు. కానీ ఆయన ఆ సంఘంలో దేనికైనా కాదనడం అదే మొదలు. అధ్యక్షుడు ఇంకో ఫొటో ఉందా అని అడిగాడు. ఉంది, తాళం వేసినది. అది వరండా చివర, నిప్పార్పే ఎర్రసిలిండర్ పక్కన వేలాడింది. చాలా స్పష్టంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఊపిరాయన థాంక్సండీ థాంక్సండీ అని, త్వరగా ఇంటికొచ్చి ఫ్రేము కట్టించిన ఆ నవ్వు ఫొటోని గుడ్డలో చుట్టుకున్నాడు.

మోడలమ్మాయి ఇంటికి ముగ్గురూ వెళ్లారు. అత్తగారిని ఉండమంటే ఉండలేదు. నా మోకాలు ఒకరింటికి వెళ్తుంటే నేను వెళ్లొద్దా, అంది. ఆ ఇల్లు మేడ మీద మేడ. ఇరుకు మెట్లు. ఆవిడ ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఆ మెట్టుకో మాట అప్పగిస్తూ ఎక్కింది.

ఒకే గది, పక్కన వంటకి చిన్న అర. అమ్మాయి తల్లి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కిటికీ పక్క గోడ మీద మేకు. ఎప్పుడు కొట్టించిందో, చుట్టూ సున్నం వేసినప్పుడు దాన్ని వదిలేసి జాగ్రత్తగా వేసిన గుర్తు కనబడుతోంది. ఊపిరాయన గుడ్డ విప్పి, ఫ్రేము మేకుకి తగిలించి, పక్కకి తప్పుకోబోయాడు. వెనక తలుపుంది. రెండడుగులు అటు వేసి, మళ్లీ ఆగి, ఫొటో పక్కనే నిలబడ్డాడు. ఆ తల్లి మొహం చూడాలనిపించింది ఆయనకి.

ఆవిడ చూసింది. మొదట దూరం నుంచి, తర్వాత దగ్గరికొచ్చి. వేలితో ఫొటోలో ముక్కు మీది ముడతని తాకబోయి, అద్దం మరక పడుతుందని వేలు వెనక్కి తీసుకుంది.

"ఇలాగే నవ్వేది" అంది. "చిన్నప్పుడు ఇలాగే నవ్వేది. ఈ మధ్య ఎక్కడ నవ్వుతోందో నాకు తెలీదు."

"మా ఇంట్లో" అంది ఊపిరాయన భార్య.

అమ్మాయి సిగ్గుపడి కుర్చీలు వేసే మిషతో అటు తిరిగింది. పక్కింటావిడ ఎవరో గుమ్మంలోంచి తొంగిచూసి, ఏంటి సందడి అంది. తల్లి అటు తిరిగి, "ఇదిగో, మా అమ్మాయి" అంది. ఈసారి ఎవరూ ఏదీ అని అడగలేదు.

పక్కింటావిడ లోపలికొచ్చి, కళ్లు చిట్లించి, ఫొటో దగ్గరగా వంగింది. "ఎంత బాగుందో. మరి ఈ చెవి పక్కన ఇదేంటి, మరలు?"

గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో అత్తగారు సర్దుకుని కూర్చుంది. మోకాలు చాపి, చేతికర్ర గోడకి ఆనించి, ఎదురుగా ఉన్న పీట చూపించింది.

"కూర్చోమ్మా" అంది పక్కింటావిడతో. "చెప్తాను."